అవిసె నూనె తుడిచిన గుడ్డలు

1961 మే నెల పద్దెనిమిదో తేదీ, గురువారం, మధ్యాహ్నం ఒకటిన్నరకు మా గానుగిల్లు కాలిపోయింది. ఎవరి వల్ల కాలిందో ఆ సాయంత్రమే పెద్దలు తేల్చేశారు. అలా తేల్చడానికి నేను చెప్పిన జవాబు ఒకటి పనికొచ్చింది. ఆ జవాబులో అబద్ధం ఒక్క ముక్క లేదు. తేదీలూ కొలతలూ రాసిపెట్టుకునే అలవాటు నాకు చిన్నప్పటినుంచీ ఉంది కాబట్టి, అబద్ధం లేదని ఇప్పటికీ చూపించగలను. చూపించి ఏం లాభమో తెలియదు.

నేను బోగోలు దగ్గరి ఆ ఊరికి కోడలిగా వెళ్ళింది 1958లో. నాకు పదిహేడేళ్ళు. ఎనిమిదో తరగతి దాకా చదివాను. అత్తవారిది గానుగ ఆడించే ఇల్లు. ఇంటి వెనక తాటాకు కప్పిన పెద్ద పాక. దాని మధ్యలో చింతమాను తొలిచి చేసిన రోలు, అందులో నిలువెత్తు రోకలి, రోకలికి కట్టిన మాను, ఆ మానును లాక్కుంటూ చుట్టూ తిరిగే ఎద్దు. ఆ పాకనే గానుగిల్లు అనేవాళ్ళం. మాకు తూర్పున సముద్రం, ఇంకో పక్క రైలు షెడ్డు. షెడ్డు కూత వినపడితే పన్నెండు కొట్టినట్టు. ఇంట్లో గోడ గడియారం కూడా ఉండేది. దానికి తాళం ఇచ్చే పని నాది.

నువ్వులు, వేరుశనక్కాయలు, ఆముదాలు, ఇవే ఆడించేవాళ్ళం. గానుగ తోలే మనిషి ఒక్కడే. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. నేను అన్నా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను అమ్మణ్ణీ అనేవాడు. రోట్లో గింజ ఎంతవరకు నలిగిందో తొంగి చూడకుండా రోకలి కిర్రుతోనే చెప్పేవాడు. చుట్ట కాల్చేవాడు. పాకలో కాల్చకూడదని మా మామ కట్టడి. బయట గోడ పక్కన కూర్చుని కాల్చుకుని పీక అక్కడే పారేసేవాడు. ఆ గోడ పక్కన ఎప్పుడు చూసినా నాలుగు పీకలు ఉండేవి.

నేను వచ్చిన కొత్తలో ఆ పాక చూడబుద్ధయ్యేది కాదు. గింజ నలిగాక రోట్లో పైకి ఊరిన నూనెను గుడ్డతో అద్ది, కుండలోకి పిండాలి. ఆ గుడ్డలు ఎక్కడబడితే అక్కడ వేలాడేవి. గుంజకొకటి, మాను మీద ఒకటి, బండి కాడికి ఒకటి. బాగా నల్లబడి పనికిరానివాటిని చేపలవాళ్ళు దివిటీలకని పట్టుకుపోయేవాళ్ళు, బదులు పిడికెడు ఎండుచేపలు ఇచ్చేవాళ్ళు. నేను వచ్చి ఆ గుడ్డలన్నీ ఏరి, మడిచి, గోనెలో కుక్కి, మూతి బిగించి కట్టి, పాక మూల పెట్టడం మొదలుపెట్టాను. ఏ వారం ఎన్ని గుడ్డలో నా పుస్తకంలో ఉండేది. మూడేళ్ళు అలాగే నడిచింది. నువ్వుల నూనె గుడ్డలు నెల రోజులు గోనెలో పడి ఉన్నా వాటికేమీ అయ్యేది కాదు.

“కోడలొచ్చినాక గానుగిల్లు దేవుడి గది మాదిరుండాది,” అని మా అత్త వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నేను ఆ మాటకు మురిసిపోయేదాన్ని.

1961లో నువ్వులు సరిగా పండలేదు. మార్చి నెలలో కావలి వ్యాపారి ఒకతను పడమటి నల్లరేగడి నేలల నుంచి తెచ్చిన అవిసె గింజలు పన్నెండు బస్తాలు మా మామకు అంటగట్టాడు. మా వైపు అవిసె అంటే పశువులకు ఆకు కోసి వేసే చెట్టు. ఈ గింజలు దానివి కావు. గోధుమరంగులో, నువ్వు గింజకంటే కాస్త పెద్దగా, నున్నగా ఉండేవి. గుప్పిట పడితే వేళ్ళ సందుల్లోంచి జారిపోయేవి.

“ఏంది సామీ ఇది, చేపపిల్లల్ని తెచ్చి గానుగాడమంటా ఉండావు?” అన్నాడు అన్న.

“తినే నూనే. పడమటోళ్ళు అన్నంలో పోసుకుంటారంట,” అన్నాడు మామ.

“పడమటోళ్ళకి సముద్రం లేదు గదా, ఏదైనా తింటారు.”

మొదటి వాయి పాడైపోయింది. నువ్వులు ఆడేటప్పుడు మధ్యలో నీళ్ళు చిలకరిస్తాం, అప్పుడే నూనె విడుతుంది. అదే లెక్కన అవిసెకూ నీళ్ళు పోశాం. రోట్లో మొత్తం జిగురైపోయింది. రోకలి జారింది, ఎద్దు ఆగిపోయింది. ఆ ముద్దను గీకి పారేయడానికి ఒక పూట పట్టింది. తరవాత అన్న మూడు రోజులు కొలిచి కొలిచి చూశాడు. గింజను ఒక రోజంతా ఎండలో పోయాలి. రెండుసార్లు జల్లించి, చెరిగి, రాయీ మట్టిబెడ్డా లేకుండా ఏరాలి. వేయించకూడదు, వేయిస్తే తినే నూనెకు మాడు వాసన వస్తుంది. ఎనిమిది వీశెల వాయికి నీళ్ళు సోలెడు మించకూడదు, అవీ వేడినీళ్ళు, అవీ సగం నలిగాక. అలా చేస్తే వాయికి రెండున్నర వీశెల నూనె దిగింది. నువ్వులైతే మూడు దాటేది. ఈ లెక్కలన్నీ నేను రాసినవే, అంకెలు ఆయనవి.

నూనె రెండు రోజులు కుండలో తేరుకోవాలి. జిగురు అడుక్కు దిగాక పైది వంచి, పలచటి గుడ్డలో వడగట్టి, జాడీలో పోయాలి. పసుపురంగులో నిగనిగలాడేది. వేడన్నంలో కారప్పొడి వేసుకుని ఈ నూనె పోసుకుంటే కమ్మగా ఉండేది. పప్పు మీదా, రాగి సంగటిలోకీ, చింతకాయ పచ్చట్లోకీ బాగుండేది. వేపుడుకు మాత్రం పనికిరాదు. బాండలి వేడెక్కగానే నీచు వాసన కొట్టేది.

“మంచిదే గదమ్మా,” అని చేపలవాళ్ళ ఆడమనిషి ఒకామె నవ్వింది. “వంకాయ వేసినా రొయ్యల వాసనొస్తాది. మా ఇళ్ళల్లో మొగోళ్ళకి వలెయ్యకుండానే కూరైపోతాది.”

బాలింతలకు గింజలు దంచి బెల్లంతో ఉండలు చేశాం. నూనె దిగాక రోట్లో మిగిలిన చెక్క నానబెట్టి పాడి గేదెలకు పెట్టాం. మా అత్త మోకాళ్ళకు రాసుకుంది. పదిహేను రోజులకు మించి ఉంచితే నూనె చేదెక్కేది. అందుకని జాడీల మీద సుద్దముక్కతో తేదీ రాసేదాన్ని. చేదెక్కిన జాడీ నావలకు పూతకని తీరానికి పోయేది. అక్కడివాళ్ళు ఒక సంగతి చెప్పారు. ఈ నూనె చెక్కకు పూస్తే ఆరిపోతుంది, గట్టి పొర కడుతుంది. నువ్వుల నూనె ఎన్నాళ్ళైనా ఆరదు. ఆ మాట విన్నప్పుడైనా ఆలోచించి ఉండాల్సింది. నాకు తట్టలేదు.

అవిసె జిగురుకు గుడ్డలు ఎక్కువ పట్టేవి. వడగట్టినవి, అద్దినవి, రోలు తుడిచినవి. మే పద్దెనిమిది నాటికి మూల గోనెలో ఇరవై ఒక్క గుడ్డలు ఉన్నాయి. ఆ రోజు పొద్దున రెండు వాయిలు ఆడాయి. షెడ్డు కూత కూయగానే అన్న ఎద్దును విప్పాడు. నేను ఇంకో రెండు గుడ్డలు మడిచి, గోనె మూతి విప్పి, లోపలికి కుక్కాను. ఇరవై మూడు. చెయ్యి లోపలికి పెట్టినప్పుడు గుడ్డలు వెచ్చగా తగిలాయి. బాగా వెచ్చగా. ఎండలు మండుతున్నాయి కదా అనుకున్నాను. ఆ మూలకు ఎండ రాదు. అది నాకు తెలుసు. అయినా అలాగే అనుకుని, మూతి మళ్ళీ బిగించి కట్టాను.

అప్పుడే అన్న గుమ్మం దగ్గరికి వచ్చాడు. “అమ్మణ్ణీ, అగ్గిపెట్టె ఉందా? నాది అయిపోయింది.”

“ఇక్కడొద్దన్నా. మామ చూస్తే నన్ను కూడా తిడతాడు.”

“సరే తల్లా. సాయంత్రం దాకా వాసన చూసుకుంటా ఉంటాలే,” అని చుట్టను చెవి మీద పెట్టుకుని, ఎద్దును నీళ్ళకు తోలుకుపోయాడు.

నేను పన్నెండుంబావుకు ఇంట్లోకి వెళ్ళాను. అత్తకూ మామకూ అన్నం పెట్టి, నేను తిని, గిన్నెలు సర్దాను. మా ఆయన ఆ రోజు కావలి వెళ్ళారు. ఒకటిన్నరకు పెరట్లోంచి అన్న కేక వినపడింది. నేను వెళ్ళేసరికి పాక ఆ మూల కప్పు దాకా అంటుకుంది. అన్న ఎద్దును అవతల చెట్టుకు కట్టేసి, గోడ నీడన పడుకున్నాడట. పొగ వాసనకు లేచాడు. నేను చూస్తుండగానే లోపలికి రెండుసార్లు దూరి నాలుగు జాడీలు బయటికి తెచ్చాడు. మూడోసారి మండుతున్న తాటాకు ఊడి చేతి మీద పడింది. మోచేతి దాకా కాలింది. రోలు మూడు రోజులు రగిలింది. తాతల నాటి చింతమాను అది.

సాయంత్రం ఐదింటికి వాకిట్లో చాప వేసి పెద్దలు ఐదుగురు కూర్చున్నారు. అన్న చేతికి అరిటాకు చుట్టుకుని నిలబడ్డాడు. మామ గోడ పక్కన దొరికిన చుట్ట పీకలు చాప మీద పోశాడు.

“ఇవి ఎవురివి?”

“నావే సామీ. నిన్నటివి, మొన్నటివి. ఇయాళ ముట్టించలా. నా దగ్గర అగ్గిపెట్టే లేదు.”

“దోవన పోయేవాణ్ణి అడిగుంటావు.”

“అడగలా. కర్పూరం తెప్పించండి, అరచేతిలో ఆర్పి ప్రమాణం చేస్తా.”

“చాల్లే. ఈ పూటకి నిప్పు చాలు,” అన్నాడు ఒక పెద్దాయన. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

అప్పుడు మామ నావైపు తిరిగాడు. “ఏమ్మా, నువ్వు నిమిషాలు కూడా లెక్కగా చెప్తావు గదా. మధ్యాహ్నం ఇతను చుట్ట కాల్చినాడా, లేదా?”

ఐదుగురు పెద్దమనుషుల ముందు నన్ను ఒక మాట అడగడం అదే మొదలు. వాళ్ళు నా లెక్కను నమ్మి అడుగుతున్నారు. నేను ఎంత జాగ్రత్తగా చెప్పానో గుర్తుంది.

“పన్నెండుంబావు నుంచి ఒకటిన్నర దాకా నేను ఇంట్లో ఉన్నాను మామా. ఆ మధ్యలో నేను చూడలేదు.”

“కాల్చలేదని చెప్పగలవా?”

“చెప్పలేను.”

అన్న నావైపు చూశాడు. నేను అగ్గిపెట్టె సంగతి చెబుతానని ఆగాడు. అగ్గిపెట్టె ఇవ్వనన్నది నేనే, చుట్ట చెవి మీద పెట్టుకోవడం చూసింది నేనే. ఆ సంగతి నన్ను ఎవరూ అడగలేదు. అడగనిది చెబితే, పనివాడితో నీకు మాటలేమిటని అడుగుతారేమో అనిపించింది. అది ఒక కారణం. రెండో కారణం ఇంకా చెడ్డది. నేను అప్పటికే ఒక జవాబు తూచినట్టు చెప్పి ఉన్నాను. దాని మీద ఇంకో మాట చేరిస్తే తూకం చెడుతుందనిపించింది. చాప అంచున ఊడిన పోచను చూస్తూ నిలబడ్డాను.

మర్నాటి నుంచి అన్న రాలేదు. రావద్దన్నారు. గానుగిల్లు కాల్చిన మనిషిని తీరం పొడుగునా ఏ గానుగా పెట్టుకోదు. రెండు నెలల తరవాత భార్యను తీసుకుని గూడూరు వైపు వెళ్ళిపోయాడని చేపలవాళ్ళ ద్వారా తెలిసింది. మా మామ మళ్ళీ గానుగ కట్టించలేదు. ఊళ్ళో మరపట్టిన నూనె అమ్మే కొట్టు పెట్టాడు. 1966లో పోయాడు. పోయేదాకా ఆ మనిషి ప్రస్తావన వస్తే “చుట్టోడు” అనేవాడు. ఊరికీ అదే పేరు మిగిలింది.

1968 ఏప్రిల్లో మిద్దె కట్టుకున్నాం. వడ్రంగి తలుపులకు అవిసె నూనె పూస్తున్నాడు. పూసిన గుడ్డలు వేపకొమ్మ మీద ఒకటి, నిచ్చెన మీద ఒకటి, గోడ మీద ఒకటి ఆరేశాడు. నాకు చూడబుద్ధి కాలేదు. అన్నీ ఏరి, మడిచి, ఒక బుట్టలో సర్దుతున్నాను. అతను నిచ్చెన మీంచి అరిచాడు.

“తల్లే, అట్ట మడిచి పెట్టబాకు! ఇల్లు తగలబడతాది!”

“నిప్పు లేకుండా ఎట్ట తగలబడతాది?”

“నిప్పు దానికి వేరే ఎందుకు? ఆ నూనె ఆరేటప్పుడు దానికదే వేడెక్కతాది. విడిగా ఆరేస్తే గాలికి పోతాది. కుప్ప పోస్తే పోయే దోవ లేక అంటుకుంటాది. నావలు చేసేవాళ్ళని అడుగు, ఎవురైనా చెప్తారు.”

నేను బుట్ట కింద పెట్టేశాను. ఆ రోజు వంట చేశానో లేదో గుర్తులేదు. వెచ్చదనం మాత్రం కుడి చేతికి మళ్ళీ తగిలింది, ఏడేళ్ళ తరవాత.

మాట నమ్మడం నా స్వభావం కాదు. మే నెల వచ్చేదాకా ఆగాను. మే పదకొండున ఇరవై మూడు గుడ్డలు అవిసె నూనెలో తడిపి, పిండి, మడిచి, గోనెలో కుక్కి కట్టాను. పెరటి మధ్యలో పెద్ద ఇనప బాన పెట్టి, పైన ఎండ పడకుండా తాటాకు కప్పి, గోనె అందులో ఉంచాను. పక్కన రెండు బిందెల నీళ్ళు. మొదటిరోజు ఏమీ కాలేదు. ప్రాణం తేలికపడింది. రెండోరోజు పొద్దున్నే ముట్టుకుంటే వెచ్చగా ఉంది. మధ్యాహ్నం రెండూ యాభైకి, చుట్టుపక్కల నిప్పన్నది లేకుండా, గోనె నేతలోంచి సన్నగా పొగ వచ్చింది. మా ఆయన్ని పిలిచాను. కర్రతో గోనె చీల్చి చూపించాను. లోపల ఎర్రగా ఉంది.

ఆయన రెండు బిందెలూ దాని మీద కుమ్మరించారు.

“మా నాయన పోయినాడు. ఆ పెద్దోళ్ళలో ముగ్గురు పోయినారు. ఇంక ఊరుకో.”

“ఆ మనిషి ఉన్నాడు గదా.”

“ఉంటే? మా నాయన అన్యాయం చేసినాడని నా ఇంటిదే ఊళ్ళో చెప్తాదా? గానుగిల్లు కాల్చిన కోడలని ఊరోళ్ళు రేపటినుంచి నిన్ను పిలవాలా?”

నేను ఊళ్ళో చెప్పలేదు. కానీ మే ఇరవై ఆరున, పుట్టింటికని చెప్పి, రైలెక్కి గూడూరులో దిగాను.

నిమ్మకాయల మార్కెట్టు దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. అన్న ఆ మార్కెట్టులోనే బస్తాలు మోస్తాడు, నేను వెళ్ళేసరికి ఇంటి దగ్గరే ఉన్నాడు. జుట్టు నెరిసింది. కాలిన చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా చాపలేడు, బస్తాను ఎడమ భుజానికే ఎత్తుకుంటాడు. భార్య వాకిట్లో కూర్చుని నిమ్మకాయలు కుప్పలుగా ఏరుతోంది. నన్ను చూసి ఆయన నిలబడిపోయాడు.

“అమ్మణ్ణి గదా? ఎవురన్నా పోయినారా?”

నేను కూర్చోకుండానే చెప్పాను. గోనె, వెచ్చదనం, వడ్రంగి, ఇరవై మూడు గుడ్డలు, రెండూ యాభై. వరుస తప్పకుండా చెప్పాను. కట్టింది నేనే అని చెప్పాను. అగ్గిపెట్టె నేను ఇవ్వలేదని పెద్దల ముందు చెప్పి ఉండాల్సిందని చెప్పాను. “ఒక్కసారి ఊరికి రా అన్నా. మళ్ళీ గుడ్డలు కట్టి అందరి ముందూ చూపిస్తా,” అన్నాను. మా ఆయన మాట తెలిసీ అన్నాను.

ఆయన నవ్వాడు. “నా మాట నమ్మనోళ్ళకి గుడ్డల మాట నమ్మిస్తావా? ఊరు సంగతి వదిలెయ్. నా ఇంటిదానికి చెప్పు. అదీ నమ్మలా.”

ఆమె నిమ్మకాయలు ఏరడం ఆపలేదు. అంతా ఆమె వినే ఉంటుందనుకున్నాను. అయినా ఆమె ముందు కూర్చుని మొదటినుంచీ మళ్ళీ చెప్పాను. చివరికి వచ్చేసరికి ఆమె చేతులు ఆగాయి.

“ఏడేళ్ళు,” అంది ఆమె. నావైపు చూడలేదు. “ఏడేళ్ళుగా ఇంట్లో అగ్గిపెట్టె ఈయన చేతికి అందనియ్యలా నేను. కొంగున కట్టుకోని తిరగతా ఉండా. బజారుకి పోతే ఎంట తీసుకోని పోయినా. పొయ్యి కూడా నన్ను అడిగి వెలిగించినాడు.”

“అడిగినా,” అన్నాడు ఆయన. “అడక్కపోతే గొడవ.”

“నువ్వు కాల్చలా అంటా ఉంటే, తాగినోడు తాగలా అన్నట్టే ఉండింది నాకు.”

ఆమె కొంగు ముడి విప్పింది. లోపలి అగ్గిపెట్టె చెమటకు మెత్తబడి, అంచులు చీలి ఉంది. దాన్ని ఆయన ముందు నేల మీద పెట్టింది. ఆయన దాన్ని తీసుకోలేదు.

“చుట్ట మానేసి ఆరేళ్ళాయె,” అన్నాడు. “నువ్వే ఉంచుకో, పొయ్యికి.”

ఆమె తీసుకోలేదు. అది అలాగే ఉండిపోయింది. నేను తెచ్చిన చిన్న నూనె సీసా సంచిలోనే ఉంది. ఆ వారమే వేరే గానుగలో ఆడించిన అవిసె నూనె. ఆయన ఇష్టంగా సంగటిలో పోసుకునేవాడని తెచ్చాను. తియ్యలేదు. ఇచ్చి ఉంటే ఏమనేవాళ్ళో కూడా తెలియదు. వెళ్ళొస్తానంటే ఆయన రైలు దాకా వచ్చాడు. దోవంతా నిమ్మకాయల ధర, ఎండల సంగతి మాట్లాడాడు. స్టేషన్లో మాత్రం ఒక మాట అడిగాడు.

“ఆ పూట నేను నీకల్లా చూసినా గదా. నీకు తెలిసిందా, ఎందుకు చూసినానో?”

“తెలిసింది,” అన్నాను.

“తెలిసిందా?” అన్నాడు మళ్ళీ. తెలియలేదని చెబితే బాగుండేదేమో ఆయనకు. నేను అబద్ధం చెప్పలేదు.

సీసా ఇంటికి తిరిగి వచ్చింది. దాని మీద సుద్దతో తేదీ రాసి అలమరలో పెట్టాను. పదిహేను రోజులు దాటాక చేదెక్కింది. పారబోయలేదు, చెక్క గేటుకు పూశాను. పూసిన గుడ్డను తీగె మీద విడిగా ఆరేశాను.

ఊళ్ళో ఆ కథ ఇప్పటికీ చుట్టోడి కథే. నా మనవలు కూడా అలాగే చెప్పుకుని నవ్వుతుంటే విన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. ఎన్నిసార్లో, అది మాత్రం నేను రాసిపెట్టలేదు.